గోడ కడుపు

పసుపుపచ్చ టోపీలు పెట్టుకున్న ఎనిమిదిమంది సోమవారం పొద్దున్నే మా సందులో వ్యాను దిగారు. వాళ్ళలో ఒక్కరికి కూడా తాపీ ఎలా పట్టుకోవాలో తెలియదని, ఎదురుగా నా గుమ్మం ముందు బల్ల మీద కూర్చున్న నాకు పది నిమిషాల్లో అర్థమైపోయింది. ఒకావిడ రాయిని పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకుంది. ఒకడు మా ఇళ్ళు కట్టే ఎర్ర టఫ్ రాయికి ఫొటో తీశాడు. దేశాలు దాటి వచ్చి రాయికి ఫొటో తీసేవాళ్ళను చూస్తే నాకు మామూలుగానే ఒళ్ళు మండుతుంది. ఆ రోజు ఇంకా మండింది.

వాళ్ళు పూర్తి చెయ్యడానికి వచ్చింది నా తమ్ముడు ముషేగ్ ఇల్లు. నాలుగు గోడలూ లేచి, తలుపులూ కిటికీలూ కప్పూ లేకుండా ఇరవై రెండేళ్ళుగా అలాగే నిలబడి ఉంది. ఆ గోడలు కట్టింది నేనే. ముషేగ్ రష్యాలో ఎవరెవరి మేడలకో పరంజాలెక్కి, తొమ్మిదేళ్ళ కిందట ఒకదాని మీంచి పడి, పెట్టెలో తిరిగొచ్చాడు. వాడి భార్య వర్దుహి, కూతురు నాజెలి ఆ గోడల పక్కనే ఇనప డబ్బాలో ఉంటున్నారు. భూకంపం తరవాత, రెండేళ్ళపాటు తలదాచుకోమని ఇచ్చిన డబ్బా అది. చలికాలం దాని లోపలి వైపు కూడా మంచు పేరుకుంటుంది. సగంలో ఆగిన ఇళ్ళను, బయటి దేశాల మనుషుల్ని తెచ్చి పూర్తి చేయించే సంస్థ ఒకటి పట్నంలో ఉంది. వర్దుహి మూడేళ్ళు దాని చుట్టూ తిరిగింది. ఈ ఏడు ఆమె పేరు వచ్చింది.

"ఏం సెద్రాక్, నీ గోడల మీదికి కప్పొస్తోంది. సంతోషించవేం?" అన్నాడు పక్కింటి గలుస్త్. రోజూ నాతో పాచికలాడి, రోజూ ఓడి, ఆ ఉక్రోషమంతా నా మీద తీర్చుకునే మనిషి.

"వాళ్ళ మొహం. సబ్బుతో చేతులు కడుక్కుని రాయి పట్టుకునేవాళ్ళు ఇల్లు కడతారా?"

"నిన్ను పిలవలేదని ఏడుపు నీకు."

"పాచికలు వెయ్యి గలుస్త్. నోరు తరవాత వేద్దువుగాని."

నా ఏడుపు ఏమిటో గలుస్త్‌కి తెలియదు. ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

మా పనిలో గోడంటే రెండు వరసలు. బయట ఒక వరస చెక్కిన రాయి, లోపల ఒక వరస, మధ్యలో జానెడు సందు. ఆ సందును గోడ కడుపు అంటాం. కడుపును రాతిముక్కలతోనూ సిమెంటుతోనూ గట్టిగా నింపితే రెండు వరసలూ ఒక్క రాయిలా బిగుసుకుంటాయి. నింపకపోయినా చూడ్డానికి గోడ గోడలాగే ఉంటుంది. పైన బరువు పడనంతకాలం, కింద భూమి కదలనంతకాలం, లోపలి సంగతి కట్టినవాడికి తప్ప ఎవడికీ తెలియదు.

ఎనభై ఎనిమిది డిసెంబరులో భూమి కదిలింది. మా అమ్మ ఫ్యాక్టరీలో మేజోళ్ళు అల్లేది. నేనూ ముషేగూ ఆ కూలిన గోడల్ని రెండు రోజులు ఉత్త చేతులతో తవ్వాం. గోడ కడుపులోంచి సిమెంటు పెళ్ళలు రాలేదు. ఇసుక వచ్చింది, గుప్పెట్లోంచి జారిపోయే పొడి ఇసుక. అమ్మ దొరికినప్పుడు ఆవిడ పిడికిట్లో కూడా అదే ఉంది. ఆ గోడ కట్టినవాణ్ణి నేను తిట్టని తిట్టు లేదు. పెళ్ళి విందుల్లో అందరూ వధూవరుల పేరు చెప్పి గ్లాసు ఎత్తితే, నేను లేచి, ఇసుకతో గోడ కట్టినవాడి వంశం ఆరిపోవాలని గ్లాసు ఎత్తేవాణ్ణి.

అలాంటి నేను నా తమ్ముడి ఇంటి ఉత్తరపు గోడ కడుపులో పొడి ఇసుక పోశాను.

పునాది రోజు కోడిపుంజును కోసి ఆ నెత్తుటి బొట్టు నా నుదుట పెట్టింది ముషేగే. ఆ వేసవి చివర, ఉత్తరపు గోడ కిటికీ మట్టానికి లేచాక, సందులో పదిమంది నిలబడి చూస్తుండగా వాడు తలెత్తి, "అన్నా, ఆ మూల కాస్త బయటికి వాలినట్టుంది" అన్నాడు. మెల్లగానే అన్నాడు. పక్కనెవడో కిసుక్కున నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. గుండుతాడు వేలాడదీసి చూడలేదు, చూస్తే వాడన్నదే నిజమని తేలుతుందని నాకు తెలుసు. నోరు మూసుకుని ఆ పైన రావలసిన ఆరు వరసలూ రెండు రోజుల్లో లేపేశాను. కడుపులో రాతిముక్కలూ ఇసుకా కూరి, పైన మాత్రం వేలెడు మందాన మంచి సిమెంటు రాసి మూసేశాను. తాపీ కడిగి సంచిలో వేసుకుని, "నీ కన్ను అంత వాడిదైతే కప్పు నువ్వే వేసుకో" అని చెప్పి ఇంటికొచ్చేశాను. మళ్ళీ వాడితో మాట్లాడలేదు. తరవాతి వసంతంలో వాడు రష్యా వెళ్ళిపోయాడు.

కప్పు లేని గోడ ఎవర్నీ చంపదని ఇరవై రెండేళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. కప్పు వేసే స్తోమత ముషేగ్‌కి ఏనాడూ రాలేదు. రాకూడదనే కోరుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ కోరుకున్నాను.

ఇప్పుడు శుక్రవారం నాడు నాలుగు గోడల మీదా సిమెంటు పట్టీ పోస్తారట, దాని మీద కప్పు. నేను నోరు విప్పితే రెండు జరుగుతాయి. ఇసుకతో గోడ కట్టినవాడు సెద్రాకేనని ఊరంతా తెలుస్తుంది. జాబితాలోంచి వర్దుహి పేరు కూడా పోతుంది, ఎందుకంటే గోడలు నిలిచి ఉన్న ఇళ్ళకే ఆ సంస్థ సాయం. ఈ రెంటిలో నన్ను ఎక్కువ భయపెట్టింది మొదటిది. అందుకని నోరు విప్పకుండా వాళ్ళను తరిమేయాలని చూశాను.

మంగళవారం వాళ్ళ ఇంజనీరు వచ్చాడు. పార్గెవ్ అని మనవాడే, పట్నం మనిషి. చిన్న సుత్తితో గోడలన్నీ తట్టి చూశాడు. నేను అడుగున బాగానే కట్టాను గనక కింద అంతా గట్టిగానే పలికింది. నిచ్చెన వేసుకుని పైకి ఎక్కలేదు.

"చక్కటి పని," అన్నాడు. "ఎవరు కట్టారు?"

"చచ్చినవాడి అన్న," అంది వర్దుహి, నా వైపు చూడకుండానే.

నేను లేచి సందు దాటి వెళ్ళాను. "ఈ ఉత్తరపు గోడ రెండు జానలు, పక్కనున్న నా దొడ్డిలోకి వచ్చింది. కొలిపించేదాకా పని ఆపండి," అన్నాను.

వర్దుహి చేతిలో చీపురు కింద పెట్టింది. "తొమ్మిదేళ్ళకి నోరు తెరిచావు, అదీ రెండు జానల కోసం. కొలతతాడు పట్టుకుని ముగ్గు పోసింది నువ్వు కాదూ? అప్పుడు కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చావా?"

"అప్పుడు తమ్ముడని ఊరుకున్నాను."

"తమ్ముడి పెట్టె మొయ్యడానికి నువ్వొస్తే గుమ్మంలోంచి వెళ్ళగొట్టాను. ఆ కచ్చ ఇప్పుడు తీర్చుకుంటున్నావు. తీర్చుకో. నీలాంటివాణ్ణి చూసే మా ఆయన దేశం వదిలి పోయాడు."

ఊరిపెద్ద కాగితాలు పట్టుకొచ్చి కొలిపించాడు. గంటలో నా అబద్ధం బయటపడింది. వెళ్తూ వెళ్తూ ఆయన నా గుమ్మం ముందు ఉమ్మేశాడు. గలుస్త్ పాచికల పెట్టె మూసి చంకలో పెట్టుకున్నాడు.

"నీతో ఆడితే నాకూ అంటుకునేట్టుంది," అన్నాడు.

బుధవారం నీళ్ళు ఆపేశాను. మా సందులో పొద్దున మూడు గంటలే నీళ్ళొస్తాయి. కొళాయి నా పెరట్లో ఉంది, వాళ్ళ సిమెంటుకి రబ్బరు గొట్టం అక్కణ్ణుంచే వెళ్తుంది. నేను గొట్టం పీకి కొళాయికి తాళం వేశాను. పగవాడికైనా నీళ్ళు కాదనని ఊరు మాది. అది తెలిసే చేశాను.

నాజెలి బకెట్టుతో వచ్చింది. పట్నంలో కుట్టుపనికి వెళ్ళే పిల్ల. ఈ రెండు వారాలూ ఇంటి పనికని సెలవు పెట్టుకుంది.

"పెదనాన్నా, తాళం తియ్యి."

"నా కొళాయి, నా ఇష్టం."

"మా నాన్న నీ గురించి ఏనాడూ ఒక్క చెడ్డ మాట అనలేదు. ఆయనకి కోపం రాదేమో అనుకునేదాన్ని." బకెట్టు రెండో చేతికి మార్చుకుంది. "ఇప్పుడు తెలిసింది. నీ మీద కోపం కూడా దండగనుకున్నాడు."

అంత మాట అనేసి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం దాకా ఆ పిల్లా, ఎనిమిదిమంది విదేశీయులూ కొండ కింద ఊట నుంచి బకెట్లు చేతులు మార్చుకుంటూ నీళ్ళు మోశారు. రాయికి ఫొటో తీసినవాడు రెండుసార్లు జారి పడ్డాడు. పని మాత్రం ఆగలేదు.

గురువారం నేను వాళ్ళ దగ్గరికి వెళ్ళింది తిట్టడానికే. సిమెంటు కలిపే చోట పొడుగాటి ముసలాయన ఒకడుండేవాడు. పేరు విల్లెమ్ అట. వాళ్ళ దేశంలో ఉత్తరాలు పంచి పంచి రిటైరయ్యాడట. నాలుగు రోజులుగా చూస్తున్నాను. ఇసుక మూడు బకెట్లు, సిమెంటు ఒకటి. సిమెంటు బకెట్టు నింపిన ప్రతిసారీ నేలకేసి రెండుసార్లు తట్టి, దిగినంత మేర మళ్ళీ నింపి, చెక్కముక్కతో పైన మట్టంగా గీసేవాడు. బకెట్టు తరవాత బకెట్టు, అదే తంతు. ఎవరూ చూడకపోయినా అంతే. ఆ చెక్కముక్క గీతకి నా నరాలు తెగిపోయాయి.

"ఏమయ్యా, ఒక చారెడు తగ్గితే ఎవడి తల్లి చస్తుంది? పోసెయ్," అన్నాను.

ఆయనకి మన భాష రాదు. ఏదో మెచ్చుకున్నాననుకున్నాడు. తలూపి, బకెట్టు నాకు చూపించి, మళ్ళీ ఒకసారి గీశాడు.

నేనన్న మాట నా చెవుల్లోనే ఉండిపోయింది. సరిగ్గా ఆ మాటే, మా అమ్మ ఫ్యాక్టరీ గోడ దగ్గర ఒకప్పుడు ఎవడో ఎవడితోనో అని ఉంటాడు. రెండు వారాల్లో వెళ్ళిపోయే ముసలాడు, ముందూ వెనకా ఎరగని మనుషుల ఇంటికి చారెడు సిమెంటు తగ్గించలేకపోతున్నాడు. నేను తోడబుట్టినవాడి ఇంటికి ఏం చేశానో తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. ఇంటికొచ్చి కొళాయి తాళం తీశాను. దాంతో ఏం ఒరగదని తెలుసు.

శుక్రవారం పొద్దున సిమెంటు కలిపే యంత్రం తిరగడం మొదలైంది. నేను పెద్ద సమ్మెట భుజాన వేసుకుని సందు దాటాను. పరంజా ఎక్కి ఉత్తరపు గోడ ముందు నిలబడేదాకా ఎవరికీ అర్థం కాలేదు. మొదటి దెబ్బకి వర్దుహి అరిచింది. రెండో దెబ్బకి విల్లెమ్ పరంజా ఎక్కి నా నడుం పట్టుకున్నాడు. ముసలాడైనా పట్టు గట్టిది. కింద గలుస్త్, "పోలీసుల్ని పిలవండి, వీడికి పిచ్చెక్కింది," అంటున్నాడు.

"వదులు. ఇంకొక్క దెబ్బ. తరవాత నన్ను ఏమైనా చేసుకోండి," అన్నాను. మాట అర్థమై కాదు, నా మొహం చూసే అయ్యుంటుంది, ఆయన చెయ్యి సడలించాడు.

మూడో దెబ్బకి బయటి రాయి ఊడి కింద పడింది. దాని వెనకనుంచి ఇసుక కారడం మొదలైంది. గోనెసంచికి చిల్లు పడినట్టు, ఆగకుండా, చాలాసేపు కారింది. ఎవరో యంత్రం ఆపేశారు.

"ఇక్కణ్ణుంచి పైదాకా, ఈ గోడంతా ఇంతే," అన్నాను. "నేనే పోశాను. తెలిసే పోశాను. మూల వాలిందని వాడన్నందుకు. వాలింది కూడా."

 వర్దుహి వచ్చి ఆ ధార కింద చెయ్యి పట్టింది. గుప్పెడు నిండాక పిడికిలి మూసి నా వైపు ఎత్తింది.

"మీ అమ్మ చేతిలో దొరికింది ఇదేగా?" అంది. "మీ తమ్ముడు నాకు వందసార్లు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ ఏడ్చాడు. నువ్వు దీన్నే తెచ్చి నా కూతురి నెత్తిన పెట్టావు."

"అవును."

"ఈ డబ్బాలో ఇరవై రెండు చలికాలాలు. పక్కన ఆ గోడ ఉందిలే, ఎప్పటికైనా కప్పు వేసుకుంటాంలే అనుకుంటూ బతికాను. నువ్వేమో రోజూ ఎదురుగా కూర్చుని పాచికలాడావు."

 ఆమె గుప్పెట్లో ఇసుక నా బూట్ల మీద వదిలేసి, డబ్బాలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

పట్టీ పోయించడానికి వచ్చిన పార్గెవ్ పట్నానికి ఫోన్ చేసి అరగంట మాట్లాడాడు. ఆ తరవాత డబ్బా తలుపు కొట్టి వర్దుహిని బయటికి పిలిచాడు. గోడ లేని ఇల్లు తమ జాబితాలో ఉండదన్నాడు. ఈ మనుషులు వచ్చే శనివారం వెళ్ళిపోతారు, ఆ లోపల గోడ మళ్ళీ లేస్తే పేరు ఉంచుతామన్నారట. అయితే ఒక షరతు. గోడ ఇంటివాళ్ళే లేపాలి. కూలికి మేస్త్రీని పెట్టుకోగలిగిన ఇంటికి తమ సాయం అక్కర్లేదని సంస్థ లెక్క. ఎవరు కట్టారో చివర్న కాగితం మీద రాసి, ఇంటావిడ సంతకం చెయ్యాలి.

"నేను కడతాను," అన్నాను.

వర్దుహి పార్గెవ్‌నే చూస్తూ, "కట్టమను," అంది. ఇంటివాడి కింద కట్టమందో, బయటివాడి కింద కట్టమందో చెప్పలేదు. అడిగే మొహం నాకు లేదు.

ఎనిమిది రోజులు కట్టాను. ఆరు వరసలు దించి, వాలిన మూలను కిటికీ కింది దాకా విప్పి, మళ్ళీ లేపాను. ప్రతి రాయికీ గుండుతాడు వేశాను. విల్లెమ్ కలిపిచ్చిన సిమెంటు మరీ పల్చగా ఉందని తిట్టాను, రాయికి ఫొటో తీసినవాడు రాయిని తలకిందులుగా అందిస్తే వాణ్ణీ తిట్టాను. వాళ్ళు నవ్వుతూ మళ్ళీ చేసుకొచ్చేవాళ్ళు. ఊరు మాత్రం నవ్వలేదు. సందులోంచి పోయే ఆడవాళ్ళు నన్ను చూసి పిల్లల్ని అవతలి పక్కకి తిప్పుకునేవాళ్ళు. మూడో రోజుకి నాకు 'ఇసుక సెద్రాక్' అని పేరు స్థిరపడింది. ఆ పేరు మొదట పెట్టింది గలుస్తే.

మధ్యాహ్నం అయితే వర్దుహి చెట్టు కింద బల్ల వేసి పనివాళ్ళకి అన్నీ పెట్టేది. లావాష్ రొట్టె, జున్ను, పచ్చి ఆకుకూరలు, ఉడికిన బంగాళాదుంపలు, చల్లటి మజ్జిగ. ఇల్లు కట్టేవాణ్ణి ఆకలితో పంపడం మాలో మహాపాపం. నాకు పెట్టేది కాదు. నేను రాళ్ళ కుప్ప మీద కూర్చుని మూటలోంచి నా రొట్టె తీసుకుని తినేవాణ్ణి. ఒకసారి విల్లెమ్ తన పళ్ళెం పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చోబోయాడు. నాజెలి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని బల్ల దగ్గరికి తీసుకుపోయింది.

ఆఖరి శుక్రవారం సాయంత్రం ఎండ ఉండగానే పైవరస పూర్తయింది. కడుపు మూసే ముందు నేను పరంజా మీంచి, "వర్దుహీ, ఎక్కి చూసుకో," అన్నాను. ఆమె ఎక్కింది. చెయ్యి లోపల పెట్టి, గోరుతో గీరి, గుప్పిట బిగించి లాగి చూసింది. ఏమీ రాలేదు. గోరు విరిగింది. దిగింది.

పార్గెవ్ ఈసారి నిచ్చెన వేసుకుని మరీ పైదాకా తట్టి చూశాడు. దిగి వచ్చి కాగితం బల్ల మీద పెట్టాడు. పసుపుపచ్చ టోపీలన్నీ చుట్టూ చేరాయి. ఊరివాళ్ళు కూడా కొందరు వచ్చారు, గలుస్త్ అందరికంటే ముందున్నాడు. నేను తాపీ కడుగుతూ దూరంగా నిలబడ్డాను. నన్ను ఇంటివాడని ఆమె ఒప్పుకుంటుందని నాకు నమ్మకం లేదు. ఆమె చోట నేనుంటే ఒప్పుకునేవాణ్ణి కాదు. ఒప్పుకోకపోతే ఆ గోడ మీదికి కప్పు రాదు.

"ఉత్తరపు గోడ. కట్టింది సెద్రాక్," అని పార్గెవ్ రాసుకున్నాడు. "ఇంటివాడా, బయటివాడా అమ్మా?"

వర్దుహి విరిగిన గోరు వైపు చూసుకుంది. తరవాత చాలా ఏళ్ళకి మొదటిసారి నా కళ్ళలోకి సూటిగా చూసింది.

"ఇంటివాడే. రాసుకో," అంది. "బయటివాడెవడైనా మాకింత చేసి ఉంటాడా?"

సంతకం చేసి కలం తిరిగి ఇచ్చేసింది. నాజెలి బల్ల మీద పళ్ళాలు సర్దింది, పదకొండు: టోపీలవాళ్ళకి ఎనిమిది, పార్గెవ్‌కి ఒకటి, తల్లీకూతుళ్ళకి రెండు. నేను లెక్కపెట్టుకున్నాను. నాది లేదు. సంచీ భుజాన వేసుకుని సందు దాటి ఇంటికి వచ్చాను. సోమవారం సంస్థ పంపిన కప్పు దూలాలు వచ్చాయి.